మూతలో పురుగు

మొన్న గుర్తింపు కార్డు కోసం లైసెన్సు ఆఫీసుకి వెళ్ళాను. నాకు డ్రైవింగ్ రాదు, నేర్చుకోను కూడా. కార్డు మాత్రం ఉండాలన్నారని లైనులో నిలబడ్డాను. ఎదురుగా గోడ మీద కళ్ళ పరీక్ష పలక ఉంది. పైన గుమ్మడికాయంత అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చీమలు. నా ముందున్న ముసలాయన ఒక కన్ను చేత్తో మూసుకుని పైకి చదువుతున్నాడు. అది వినగానే నాకు డాక్టరమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆ పలకని ఆవిడ చదివి పాసవలేదు. విని, బట్టీ పట్టి పాసయ్యారు.

ఈ సంగతి ఆవిడే చెప్పారు, వంకాయ కూర కలుపుకుంటూ, ఏదో ఘనకార్యం చేసినట్టు.

"ముందువాళ్ళంతా పైకే చదువుతారు కదా కొల్లేరూ. చెవులుంటే చాలు. మెడిసిన్‌లో మేం బట్టీ పట్టినవాటి ముందు ఇదెంత?"

కళ్ళజోడు మార్పించుకోడానికి బద్ధకించి అలా చేశారని నేననుకున్నాను. ఇంకో చారెడు అన్నం వడ్డించాను.

కొల్లేరు అంటే నేనే. మాది కొల్లేటి లంక. మా ఇంట్లో దోనె నడపడం రాని మనిషి లేదు. చదువే లేదు. యాభై దాటాక, శాంటా క్లారాలో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని అక్షరాలు దిద్దాను. ఆ పక్క అపార్ట్‌మెంట్లలోనే డాక్టరమ్మగారు ఉండేవారు. గుంటూరు వైపు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఈ అమెరికా వచ్చి నలభై ఏళ్ళు దాటినా గోంగూర లేనిదే ముద్ద దిగేది కాదు. నేను వండిపెట్టేదాన్ని. నా పేరు ఆవిడకి తెలుసు కానీ ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు.

ఆవిడ రోగుల్ని చూసే డాక్టరు కాదు. ఒంట్లోంచి కోసి తీసిన ముక్కని గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూసి, ఇది ఫలానా రోగం అని రాసిచ్చే డాక్టరు. "నేను లోపలిదాకా చూసినవాళ్ళెవ్వరూ నా మొహం చూడలేదు" అనేవారు. రిటైరయ్యాక ఆ చూపు ఊరికే ఉండలేక చేపల మీద పడింది.

ఒకరోజు గిన్నెలు తోముతుంటే వెనక నిలబడి అడిగారు.

"నీకు తెడ్డు వెయ్యడం వచ్చా?"

"మీకు అన్నం తినడం వచ్చా అండీ?"

"పొగరు బాగానే ఉంది. శనివారం నాతో రా."

అలా మొదలైంది. శాంటా క్లారా నుంచి పొద్దున్నే బయలుదేరితే ఎండెక్కే వేళకి సియెర్రా కొండల్లో ఒక చెరువు దగ్గర ఉండేవాళ్ళం. చెరువంటే మన చెరువు కాదు. చుట్టూ దేవదారు చెట్లు, మధ్యలో అద్దం పరిచినట్టు నీళ్ళు, చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయే చలి. గట్టున ఒక తెల్లాయన పడవలు అద్దెకిచ్చేవాడు. నేను తెడ్లు వేసేదాన్ని. ఆవిడ ముందు కూర్చుని గాలం విసిరేవారు.

ఆ విసరడం గురించి చెప్పకపోతే ఆవిడ గురించి చెప్పినట్టు కాదు. ఎర ఉండదు. చిన్న గాలానికి ఈకముక్కా దారమూ చుట్టి పురుగులా తయారు చేస్తారు. అదీ ఏదో ఒక పురుగులా ఉంటే కుదరదు. ఆ పూట ఆ నీళ్ళలోంచి ఏ పురుగు లేస్తుందో అచ్చం దానిలాగే ఉండాలి. మేఫ్లై అంటారు. మా వైపు తొలకరికి దీపం చుట్టూ మూగే ఉసిళ్ళలా ఉంటుంది. ఆ మాటంటే ఆవిడకి ఒళ్ళు మండేది.

"ఉసిళ్ళు మట్టిలోంచి వస్తాయి. ఇవి నీటి అడుగు నుంచి. ఇంకోసారి ఉసిళ్ళన్నావంటే పడవ దింపేస్తాను."

"దింపండి. తెడ్లు నా దగ్గరున్నాయి."

ఆ పురుగు అడుగున బురదలో పెరిగి, ఒకనాడు పైకి తేలి, నీటి మీద చర్మం విప్పి, రెక్కలు నిలబెట్టుకుని ఆరబెట్టుకుంటుంది. దూరం నుంచి చూస్తే చిన్న చిన్న తెరచాపలు. ఆరాక ఎగిరిపోతుంది. మర్నాడో ఎప్పుడో మళ్ళీ వచ్చి, గుడ్లు పెట్టి, రెక్కలు రెండు పక్కలా పరిచేసి నీటి మీద పడి చస్తుంది. పెద్దయ్యాక దానికి నోరే ఉండదట, ఏమీ తినదట. "అయితే నాలాంటిదానితో దానికి పనిలేదు" అన్నాను. డాక్టరమ్మగారు తొడ చరుచుకుని నవ్వారు. నవ్వొస్తే తొడ చరుచుకోవడం, చేప తప్పిపోతే దాన్ని గుంటూరు భాషలో తిట్టడం ఆవిడ అలవాటు. ఆ తిట్లు ఇక్కడ రాయను.

నిలబడ్డ రెక్కల పురుగుని తినే వేళ చేప పరిచిన రెక్కలదాన్ని ముట్టదు. పరిచినదాన్ని తినేటప్పుడు నిలబడ్డదాన్ని ముట్టదు. అందులోనూ అవి నిలిచిన నీళ్ళు.

"ఏట్లో చేపకి ఆలోచించుకునే టైం ఉండదు కొల్లేరూ. వచ్చిందాన్ని పట్టుకోవాలి, లేకపోతే కొట్టుకుపోతుంది. ఇక్కడ దానికి తొందరేంటి? వస్తుంది, కిందనుంచి చూస్తుంది, చుట్టూ తిరుగుతుంది, మన మొహాన తోక కొట్టి పోతుంది. పరీక్ష మనకి, దానికి కాదు."

అందుకని ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ముందు గాలం ముట్టేవారు కాదు. టీ వడకట్టేదాంతో నీటి మీది పురుగుని తీసి, పెరుగు డబ్బా తెల్లమూతలో వేసి, భూతద్దం పెట్టి చూసేవారు. రెక్కలు ఎలా ఉన్నాయి, మచ్చలున్నాయా, పొట్ట ఏ రంగు, ఎంత పొడుగు. చూశాకే పెట్టె తెరిచి దానికి జోడీ తీసేవారు. పక్క పడవలవాళ్ళు మా వైపు చూసి నవ్వుకునేవాళ్ళు. కాసేపయ్యాక నవ్వు మానేసి, ఆవిడ ఏది కట్టారో మెల్లిగా అడగడానికి వచ్చేవాళ్ళు.

పట్టిన చేపని తడి చేత్తో పట్టుకుని, గాలం విడదీసి వదిలేసేవారు. నాకు ప్రాణం చివుక్కుమనేది.

"వదిలేసేదానికి పట్టడం దేనికండీ?"

"నువ్వు సినిమా చూసి తెర ఇంటికి పట్టుకొస్తావా?"

మూడు వేసవులు ఇలాగే గడిచాయి. నాలుగో వేసవికి ఆవిడ మెడ మారింది. దేన్నైనా చూడాలంటే తిన్నగా చూడరు, తల పక్కకి వంచి చూస్తారు, కోడి గింజని చూసినట్టు. మెడ పట్టిందేమోనని ఆముదం రాశాను. రాయించుకున్నారు.  గాలానికి దారం ఎక్కించేటప్పుడు గాలాన్ని పెదాల మధ్య పెట్టుకుని దాని కన్నాన్ని నాలుకతో వెతికేవారు. అడిగితే "పాత అలవాటు" అన్నారు. పాత అలవాటైతే నేను ముందే చూసి ఉండాలి. నేను అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను కానీ చూడ్డం పుట్టగానే నేర్చుకున్నాను.

కానీ చేపలు పడుతున్నాయి. అదే నన్ను తికమక పెట్టింది. మూత చూస్తారు, ఏదో ఒకటి కడతారు, చేప పడుతుంది. కళ్ళు కనపడనివాళ్ళకి పడతాయా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున కొండ ఎక్కుతున్నాం. ఒక పక్క గోడలా కొండ, ఒక పక్క లోయ. మలుపు తిరుగుతుంటే మా కారు రోడ్డు మధ్య పసుపు గీత మీద ఉంది. మీద కాదు, దాటి ఉంది. ఎదురుగా దుంగల లారీ. వాడు హారన్ ఆపకుండా కొట్టాడు. డాక్టరమ్మగారు కారు పక్కకి లాగారు. ఆ లారీ గాలికి మా కారు ఊగింది.

"వెధవ, రోడ్డంతా వాడి బాబుదే అనుకుంటున్నాడు" అన్నారు.

"గీత దాటింది మనమండీ."

"నువ్వెప్పుడు లైసెన్స్ తెచ్చుకున్నావు?"

 తలుపు మీది పిడి పట్టుకుని కూర్చున్నాను. చెరువు వచ్చేదాకా నా కళ్ళు ఆ గీత మీదే ఉన్నాయి.

పదకొండు దాటాక చేపలు లేవడం మొదలైంది. ఇక్కడొక సుడి, అక్కడొక సుడి. నీళ్ళు ఉడుకు పట్టినట్టు ఉన్నాయి. డాక్టరమ్మగారు మూత కూడా అడగలేదు. "సెప్టెంబరు, పదకొండు దాటింది, గాలి లేదు. తెరచాపలే, చిన్నసైజు" అని నిలబడ్డ రెక్కల దొంగ పురుగు కట్టేశారు. విసిరారు. అది అందంగా వాలింది. చేప వచ్చింది, ముక్కు ఆనించేంత దగ్గరికి వచ్చింది, తిరిగి పోయింది. మళ్ళీ విసిరారు. మళ్ళీ అంతే. మా చుట్టూ ఉన్న పడవల్లో గాలం కర్రలు వంగుతున్నాయి. మాకు మాత్రం తోకలు చూపిస్తున్నాయి.

నేను నీళ్ళవైపు చూశాను. ఒక్క తెరచాప లేదు. అన్నీ చచ్చి, రెక్కలు పరుచుకుని పడి ఉన్నవే.

"నిలబడ్డవి లేవండి. అన్నీ పడుకున్నవే."

"ఇప్పుడు పడుకున్నవి రావు. పదేళ్ళుగా చూస్తున్నాను. ఏదీ, ఒకటి తియ్యి."

వడకట్టుతో ఒకటి తీసి మూతలో వేశాను. ఆవిడ చేతికివ్వబోతుంటే ఎక్కడి నుంచో ఒక గాలి తెర వచ్చి దాన్ని ఎగరేసుకుపోయింది. ఇంకోటి తీద్దామని నేను అనేలోపే ఆవిడ మూత లాక్కున్నారు. భూతద్దం పెట్టారు. తల పక్కకి వంచారు. చాలాసేపు చూశారు.

"చూశావా? నిలబడి ఉంది. మచ్చలు కూడా క్లియర్‌గా ఉన్నాయి."

 అప్పుడు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఈ వేసవంతా ఆవిడ ఏ పురుగునీ చూడలేదు. నెల, వేళ, గాలి, ఎండ, ఇవన్నీ గుర్తు పెట్టుకుని, ఇప్పుడు ఇది లేవాలి అని కట్టేస్తున్నారు. ఆవిడకి ఆ చెరువు అంత బాగా తెలుసు. లైసెన్సు ఆఫీసు పలకలాగే చెరువుని కూడా బట్టీ పట్టారు. ఆ ఒక్క రోజు చెరువు వరస మార్చింది.

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. చెప్పాలని కూడా లేదు.

"మూతలో ఏమీ లేదండి."

 ఆవిడ వేలితో మూతంతా తడిమారు, అంచు నుంచి అంచుదాకా. భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"గట్టుకి పోనీ."

గట్టు చేరాం. లంగరు తాడు కడుతూ అడిగాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చూపు మధ్యలోనే పోయింది. పక్కలు బాగానే ఉన్నాయి. నీకు అర్థం కాదులే."

"అర్థం కావడానికేముంది? కనపడదు. డాక్టరుకి చూపించారా?"

"నేనే డాక్టర్ని."

"నేను ఆ కారెక్కనండి."

"ఎక్కకపోతే ఏం చేస్తావు? ఇక్కడ కాపురం పెడతావా? ఎలుగుబంట్లకి వండిపెడతావా?"

"పెడతాను. మిమ్మల్ని కూడా ఎక్కనివ్వను."

"చూడు, ఆ రోడ్డు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు."

"అదే కదండీ నా భయం."

అప్పుడు ఆవిడ మొహం చూశాను. కోపం అనుకున్నారేమో చదివేవాళ్ళు. కోపం కాదు. ఆ కారు పోతే ఈ చెరువు పోతుంది. చెరువు పోతే ఇక మిగిలేది ఆ అపార్ట్‌మెంటు, టీవీ, జెర్సీ సిటీ నుంచి అన్నకూతురు చేసే ఫోన్లు. ఆ పిల్ల ఎప్పట్నుంచో ఏదో వృద్ధుల హోం చూసి పెట్టింది. ఇవన్నీ ఆవిడ చెప్పలేదు. నాకు తెలుసు.

"నీలాంటివాళ్ళకి చనువిస్తే ఇంతే" అని, కారు మీద చెయ్యి ఆనించుకుంటూ వెళ్ళి, తలుపు తీసి కూర్చుని, స్టార్ట్ చేశారు.

నేను పరుగెత్తి కారు ముందు నిలబడ్డాను. సరిగ్గా మధ్యలో. ఇంకెలా పోతారో చూద్దాం అని నడుం మీద చెయ్యి పెట్టుకున్నాను. ఎండ అద్దం మీద పడి మెరుస్తోంది. ఆ మెరుపు వెనక ఆవిడ మొహం కనపడుతోంది. నన్నే చూస్తున్నారు. తిన్నగా నా వైపే.

కారు కదిలింది.

బెదిరిస్తున్నారనుకున్నాను. కారు ఆగలేదు. మొహంలో ఏ మార్పూ లేదు. ఆవిడ తిన్నగా చూస్తున్నారంటే, ఆ చూపు మధ్యలో ఉన్నది నేను. ఆ మధ్యే ఆవిడకి లేదు. ఆ సంగతి నాకు బుర్రలోకి ఎక్కేసరికి బంపరు మోకాళ్ళకి తగిలింది. రెండు చేతులతో బానెట్ మీద చరిచి ఒక్క కేక పెట్టాను. ఏమని అరిచానో తెలీదు. కొల్లేట్లో దోనె మీదికి దోనె వస్తే పెట్టే కేక అది.

బ్రేకు పడింది. ఇంజను ఆగింది.

కిటికీలోంచి చిన్న గొంతు వచ్చింది.

"ఎక్కడున్నావు?"

"మీ ఎదురుగానే."

చాలాసేపు ఆవిడ స్టీరింగు వదల్లేదు. నేను పక్కకి జరగలేదు. తర్వాత తాళంచెవి కిటికీలోంచి బయటికి చాపారు. తీసుకోవడానికి వెళ్తే నా మణికట్టు పట్టుకున్నారు. 

"పొద్దున, ఆ లారీ."

"గీత దాటారు."

తలూపారు. కారు దిగి, పడవల కొట్టు దాకా తనే నడిచివెళ్ళారు. నేను వెనకాలే ఉన్నాను, చెయ్యి మాత్రం పట్టుకోలేదు. తెల్లాయనతో ఇంగ్లీషులో మాట్లాడారు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. కానీ "నాకు డ్రైవ్ చెయ్యడానికి సరిపడా కళ్ళు కనపడవు" అని చెప్పడం నాకు అర్థమైంది. నడుం తిన్నగా పెట్టి, చుట్టూ నలుగురు నిలబడి ఉండగా చెప్పారు. ఆ తెల్లాయన మా కారు నడిపాడు, అతని భార్య వెనక ట్రక్కులో వచ్చింది. కొండ దిగాక ఊళ్ళో మమ్మల్ని ఒక మోటెల్ దగ్గర దింపి, మర్నాడు మా అల్లుడు వచ్చేదాకా కారు అక్కడే ఉంచమన్నాడు.

ఇంటికి చేరాక డాక్టరమ్మగారు నాతో మాట్లాడ్డం మానేశారు. వంట మానిపించి టిఫిన్ క్యారేజీ పెట్టించుకున్నారు. నేనూ వెళ్ళలేదు. వెళ్ళి క్షమించమనడానికి నేనేం చేశాను? ఆ వారమే లైసెన్సు తిరిగి ఇచ్చేసి వచ్చారని, కళ్ళలోకి ఇంజక్షన్లు చేయించుకుంటున్నారని మాత్రం ఆ అన్నకూతురు మా అమ్మాయికి ఫోన్‌లో చెప్పింది. హోం మాట ఎత్తితే ఫోన్ పెట్టేస్తున్నారట. శీతాకాలమంతా అలాగే పోయింది.

మే నెలలో ఒకరోజు తలుపు తడితే తీశాను. తెల్లకర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. కళ్ళు నా చెవి పక్కన ఎక్కడో ఉన్నాయి. అలా అయితేనే నా మొహం కనపడుతుంది.

"మీ అల్లుడికి శనివారం ఖాళీయేనా?"

"శనివారం అతనికి ఆఫీస్ కాల్స్ ఉంటాయి. ఆదివారం అడుగుతాను."

"ఆదివారం జనం ఎక్కువ."

"అయితే ఇంట్లో కూర్చోండి."

"ఆదివారమే అడుగు" అన్నారు. అని, "ఆ క్యారేజీవాడు పప్పులో పంచదార వేస్తున్నాడే" అంటూ లోపలికి వచ్చి కూర్చున్నారు.

మా అల్లుడు వెనక సీట్లో మా ఇద్దర్నీ పెట్టుకుని, దారంతా లాప్‌టాప్ గురించి బెంగపడుతూ కొండెక్కించాడు. గట్టున కూర్చుని ఫోన్‌కి సిగ్నల్ వెతుక్కున్నాడు. మేం నీళ్ళలోకి వెళ్ళాం.

చేపలు లేస్తున్నాయి. చప్పుడు విని ఆవిడ అటు తిరిగారు.

"ఏం తింటున్నాయి? పడుకున్నవా, నిలబడ్డవా?"

నేను కళ్ళు చిట్లించి చూశాను. నీళ్ళ మీద ఎండ తళతళలాడుతోంది. ఏవో నల్లచుక్కలు మాత్రం ఉన్నాయి. నిలబడ్డాయో పడుకున్నాయో దేవుడికే తెలియాలి.

"ఇక్కణ్ణుంచి నాకు కనపట్టం లేదండీ."

 ఆవిడ గాలం కర్ర ఒళ్ళో పెట్టుకుని దాన్ని వేళ్ళతో నిమిరారు.

"ఎంత తేలిగ్గా అనేశావే ఆ ముక్క," అన్నారు. "నాకు రెండేళ్ళు పట్టింది."

నేనేదో అనబోయాను.

"మాట్లాడకు. దగ్గరికి పోనీ, చూసి చెబుదువుగాని. ఆ తెడ్లు మెల్లిగా వెయ్యి, చేపలు బెదురుతాయి."